కొన్న సినిమాను దాచుకుంటే నేరమా?

మోజర్ బేర్ సంస్థ ఒకప్పుడు 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మింది. పైరసీ డిస్కులతో పోటీపడే ధర అది. అప్పటిదాకా అసలు డిస్కు కొనే అలవాటు లేని ఇళ్లలోకి కూడా సినిమాలు దర్జాగా, బిల్లుతో సహా వచ్చాయి. 2018లో ఆ సంస్థ లిక్విడేషన్‌కు వెళ్లిపోయింది. ఇప్పుడు కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండదు. ప్లేయర్ పాడైతే బాగుచేసేవాళ్లు అరుదు. డిస్కు గీతలు పడితే మార్చి ఇచ్చే నాథుడు లేడు. అందుకే బీరువాలో మిగిలిన డిస్కులను హార్డ్‌డిస్కులోకో ఫోన్‌లోకో ఎక్కించుకోవచ్చా అన్న ప్రశ్న చాలామందికి వస్తోంది. డబ్బిచ్చి కొన్నాం కదా, అడిగేదెవరని కొందరంటారు. కాపీ అంటేనే పైరసీ అని మరికొందరు భయపడతారు. రెండూ సరికాదు. మన చట్టాన్ని జాగ్రత్తగా చదివితే అది నిజాయితీగా కొన్నవాడి వైపే మొగ్గుతుందని, ఆ మొగ్గును కాపాడుకోవాలని నా వాదన.

డిస్కు కొంటే మన సొంతమయ్యేది ఆ డిస్కే. సినిమాకు ప్రతులు తీసే హక్కు నిర్మాత దగ్గరే ఉంటుంది. కంప్యూటర్‌లో భద్రపరచడం కూడా ప్రతి తీయడం కిందికే వస్తుంది. అయితే 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ కొన్ని మినహాయింపులు ఇచ్చింది. సొంత వాడకం కోసం చేసే ఫెయిర్ డీలింగ్, అంటే న్యాయమైన వాడకం, వాటిలో మొదటిది. 2012కు ముందు ఇది సాహిత్యం, నాటకం, సంగీతం, చిత్రకళలకే ఉండేది; సినిమాకు వర్తించేది కాదు. 2012 సవరణ ఆ జాబితాను తీసేసి, కంప్యూటర్ ప్రోగ్రాములు తప్ప ఏ కృతికైనా వర్తిస్తుందని మార్చింది. పత్రికల్లో పెద్దగా చర్చకు రాని ఈ మార్పు సినిమా కొన్నవాడికి ఎంతో ముఖ్యమైనది. ఏది న్యాయమో చట్టం కొలిచి చెప్పలేదు, సందర్భాన్ని బట్టి కోర్టే తేల్చాలి. నా దృష్టిలో గీత స్పష్టమే: సొంత డబ్బుతో కొన్న ప్రతి నుంచి తీసింది, ఇంట్లోనే ఉండేది, మరొకరు కొనాల్సిన ప్రతికి బదులుగా వాడనిది న్యాయం. అద్దెకు తెచ్చిన డిస్కును కాపీ చేసుకోవడం, కాపీ ఉంచుకుని అసలును అమ్మేయడం, టెలిగ్రామ్‌లో పెట్టడం ఆ గీతకు అవతలివి.

అసలు చిక్కు డిస్కుకు వేసిన డిజిటల్ తాళం దగ్గర వస్తుంది. వీసీడీకి తాళం లేదు కాబట్టి అక్కడ పేచీయే లేదు. డీవీడీలకు మాత్రం సాధారణంగా సీఎస్ఎస్ అనే 40 బిట్ల సంకేత రక్షణ ఉంటుంది. 1999లో దాన్ని విప్పే డీసీఎస్ఎస్ ప్రోగ్రామ్ బయటికొచ్చింది. అందులో పాలుపంచుకున్న నార్వే కుర్రాడు యాన్ లెక్ యోహన్సన్‌పై అక్కడ క్రిమినల్ కేసు పెట్టారు. న్యాయంగా కొన్న డిస్కును చూసుకునే హక్కు కొన్నవాడికి ఉందంటూ 2003లో కింది కోర్టు, ఆ తర్వాత పై కోర్టు కూడా అతన్ని నిర్దోషిగా వదిలేశాయి. అమెరికా మరో దారి పట్టింది. అక్కడి 1998 నాటి డీఎంసీఏ చట్టం తాళం విప్పడాన్నే, కొన్ని మినహాయింపులు తప్ప, దేనికోసమని అడగకుండా తప్పుగా చూస్తుంది. 2009లో డీవీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించే రియల్‌డీవీడీ ప్రోగ్రామ్‌పై కేసు విన్న జడ్జి మారిలిన్ హాల్ పటేల్, సొంత డీవీడీని సొంత కంప్యూటర్‌లో దాచుకోవడం న్యాయమైన వాడకమే కావచ్చంటూనే, అందుకు పనికొచ్చే సాధనాన్ని అమ్మడం మాత్రం చట్టవిరుద్ధమేనని ఆపేశారు. చేసుకోవచ్చు గాని చేసుకునే పరికరం దొరకకూడదన్నమాట. మన 65ఎ సెక్షన్ ఇలా కాదు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణను ఛేదిస్తేనే శిక్ష, రెండేళ్ల దాకా జైలు, జరిమానా. తన బీరువా తాళం తానే తీయించుకున్నవాణ్ణీ దొంగనూ ఒకే గాటన కట్టకూడదన్న ఇంగితం ఇందులో ఉంది.

ఈ వాదనకు అభ్యంతరాలున్నాయి. పైరసీకి ఇది ముసుగవుతుందన్నది మొదటిది. కానీ మన సినిమాలను దెబ్బతీసే పైరసీ డిస్కు వచ్చేదాకా ఆగదు. విడుదలైన రోజే హాల్లో కెమెరాతో దొంగిలిస్తారు. దానికోసమే 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు పెట్టింది. ఇంట్లో పాత డిస్కు దాచుకునేవాడిని బెదిరిస్తే హాల్లోని కెమెరా ఆగదు. ఇలాంటి భయాలు పాతవే. 1982లో హాలీవుడ్ ప్రతినిధి జాక్ వాలెంటీ వీసీఆర్ తమ పరిశ్రమను హత్య చేస్తుందన్నంత తీవ్రంగా అమెరికన్ కాంగ్రెస్ ముందు మాట్లాడారు. 1984లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఇంట్లో రికార్డు చేసి తర్వాత చూసుకోవడాన్ని సమర్థించింది. తర్వాత అదే హోమ్ వీడియో స్టూడియోలకు పెద్ద ఆదాయమైంది. రెండో అభ్యంతరం బరువైనది: రెండోసారి అమ్ముకునే అవకాశం నిర్మాతకు పోతుంది కదా? బ్రిటన్ 2014 అక్టోబరులో సొంత కాపీలకు అనుమతిచ్చింది. నష్టం నామమాత్రమేనని ప్రభుత్వం సరైన ఆధారాలతో చూపలేకపోయిందంటూ 2015లో అక్కడి హైకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. నష్టం నిజమని తేలితే జర్మనీ 1965 నుంచి చేస్తున్నట్టు పరికరాల ధరలో చిన్న రుసుము కలిపి సృష్టికర్తలకు పంచవచ్చు. నిషేధం కన్నా అదే న్యాయం.

అయినా మన చట్టంలో లోటు లేకపోలేదు. తాళం విప్పడంలో మరొకరికి సాయపడేవారు ఆ సాయం పొందినవారి పేరు, చిరునామా, కారణం అన్నీ నమోదు చేసి ఉంచాలని 65ఎలోనే నిబంధన ఉంది. కంప్యూటర్ రాని పెద్దాయన డిస్కుల సంచీతో దుకాణానికి వెళ్తే ఆ రిజిస్టరు పెట్టే షాపు ఎక్కడ దొరుకుతుంది? అంతకన్నా పెద్ద లోటు ఆన్‌లైన్ కొనుగోళ్లది. అక్కడ ‘కొనండి’ అన్న మీట నొక్కినా చేతికొచ్చేది లైసెన్సు మాత్రమే. అల్ట్రావయొలెట్ అనే ఆన్‌లైన్ సినిమా సేవ 2019 జులైలో మూతపడినప్పుడు, కొన్న సినిమాలను వేరే దుకాణాల ఖాతాలకు ముడివేసుకోనివారు వాటిని పోగొట్టుకునే పరిస్థితి వచ్చింది. అమ్మేది లైసెన్సేనని ముందే చెప్పాలని కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి చట్టం అమలు చేస్తోంది. మనకు చెప్పడం ఒక్కటే చాలదు. సొంత కాపీని అడ్డుకునే ఒప్పంద షరతు చెల్లదని బ్రిటన్ తన 2014 నిబంధనల్లో రాసుకుంది. ఆ నిబంధనలు నిలవకపోయినా ఆ ఒక్క వాక్యం విలువైనది. దాన్ని మన 52వ సెక్షన్‌లో చేర్చి, డిస్కు కొన్నవాడికి ఉన్న వెసులుబాటునే ఫైలు కొన్నవాడికీ ఇవ్వాలి.