స్టాంపు కాగితమా, కోర్టు డిక్రీయా?

ప్రత్తి, మిరప పండు మార్టూరు వంటి ఊళ్లలో భార్యాభర్తల తగవు మొదట చేరునది కోర్టుకు కాదు, పెద్దమనుషుల యొద్దకు. వారు ఇరుపక్షముల మాట విందురు. ఇచ్చిన కట్నము, పెట్టిన బంగారము లెక్క తేల్తురు. పిమ్మట ఒక స్టాంపు కాగితము తెప్పించి, నేటినుండి ఒకరితో నొకరికి సంబంధము లేదని వ్రాయించి, సాక్షుల చేవ్రాళ్లు పెట్టింతురు. విడాకులు అయినవని అందరును నమ్ముదురు. చట్టము దృష్టిలో మాత్రము వారింకను భార్యాభర్తలే.

ఆ కాగితమును నమ్మి మరల పెండ్లాడినచో ఆ పెండ్లి చెల్లదు; అది శిక్షకు పాత్రమైన నేరము కూడ. ఏండ్లు గడచి, ఆ రెండవ భర్త మరణించి, ఆ యిల్లాలు పింఛను కొరకు దరఖాస్తు పెట్టుకొన్నప్పుడు, మొదటి వివాహము రద్దయిన డిక్రీ ఏదని అడుగుదురు. పెట్టెలోని స్టాంపు కాగితము అప్పుడు అక్కరకు రాదు.

ఒక మినహాయింపు లేకపోలేదు. ఆచారమును బట్టి విడాకులు పొందు హక్కు గలవారికి ఆ హక్కును హిందూ వివాహ చట్టము 29వ సెక్షను నిలిపియుంచినది. కాని అట్టి ఆచారము ఉన్నదని రుజువు చేయు భారము దానిని చెప్పుకొనువారిదే. 2002లో యమనాజీ జాదవ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతినే స్పష్టపరచెను.

విడాకుల చట్టము ఈ ప్రాంతమునకు నిన్నటిది కాదు. మార్టూరు మద్రాసు రాష్ట్రపు గుంటూరు జిల్లాలో ఉన్న కాలముననే, 1949లో, ద్విభార్యాత్వమును నిషేధించి విడాకులకు దారి చూపిన చట్టము వచ్చెను. 1955 మే 18న అమలునకు వచ్చిన హిందూ వివాహ చట్టము దానిని రద్దుపరచి తాను నిలిచెను. పిమ్మట ఊరు ప్రకాశము జిల్లాలోనికి, 2022లో బాపట్ల జిల్లాలోనికి పోయినది. స్టాంపు కాగితము మీది నమ్మకము మాత్రము ఎచ్చటికిని పోలేదు. (క్రైస్తవులకు, ముస్లిములకు చట్టములు వేరు, ఇచ్చట చెప్పునది హిందూ వివాహములను గూర్చియే.)

ఉభయులకును సమ్మతమైనచో దారి సుగమము. 1976లో చేర్చిన 13-బి సెక్షను క్రింద, ఏడాదియైనను వేరుగా నున్న దంపతులు కలసి ఒకే పిటిషను వేయవచ్చును. దానికి వివాహపు ఆధారము కావలెను. రిజిస్ట్రేషను ధ్రువపత్రము ఉత్తమము. లేనివారు శుభలేఖ, పెండ్లి ఛాయాచిత్రములు వెదకవలెను. ఊరంతటికి శుభలేఖలు పంచిన ఇంట అవసరమునకు ఒక్కటి దొరకకపోవుట వింతయే! నివాసమునకు, వయస్సునకు ఆధారములును, వకీలును పెట్టుకొన్నచో వకాల్తనామాయును జతపరుపవలెను.

భరణమెంత, పిల్లలెవరి యొద్ద, పెండ్లిలో పెట్టిన సొమ్ము లెవరివి అను షరతులు వ్రాసిన పుటయే అన్నిటికంటె ముఖ్యము. స్త్రీ సంతకమునకు ముందు నిదానముగా చదువవలసినది అదియే. ముట్టవలసినదంతయు ముట్టినదని వ్రాసియున్నచోట, నిజముగా ముట్టినదో లేదో చూచుకొనవలెను. ఆ తరువాత సాధారణముగా ఆరు మాసముల గడువు ఉండును. తగిన సందర్భమున కోర్టు దానిని తగ్గింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పెను. డిక్రీ వెలువడు వరకు సమ్మతి నిలిచియుండవలెను గనుక, మొదటి సంతకముతోనే అంతయు ముగిసినదని భయపడ నక్కరలేదు.

ఒకరికి సమ్మతి లేనిచో రెండవవారు క్రూరత్వము, రెండేండ్ల పరిత్యాగము వంటి కారణములను చూపి దావా వేయుదురు. అప్పుడు ఇంటికి సమను వచ్చును. ఊరి పంతులుగారి యొద్దకు చదివించుకొనుటకు తెచ్చు కాగితములలో ఇదియు నొకటి. అందులో కోర్టు పేరు, కేసు నెంబరు, హాజరు కావలసిన తేదీ ఈ మూడింటిని ముందుగా చదివి చెప్పవలెను. పుచ్చుకొనక త్రిప్పి పంపినచో కేసు ఆగునని కొందరి భ్రమ. ఆగదు, రానివారి పరోక్షముననే డిక్రీ కావచ్చును.

భార్య దావా వేయునెడల, 2003 సవరణ వలన, తాను నివసించు ప్రాంతపు కోర్టులోనే వేయవచ్చును. వకీలు ఖర్చు భరింపలేనని వెనుదీయ నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి ఉచిత న్యాయసహాయము హక్కు. దరఖాస్తు కోర్టులోని న్యాయసేవా సంఘమునకు ఇయ్యవలెను.

తీర్పు వచ్చిన వెంటనే పెండ్లికి తొందరపడరాదు. అప్పీలు గడువు దాటవలెను. ఇక డిక్రీ నకలును ఇరువురికిని రుసుము లేకుండ కోర్టే ఇయ్యవలెనని 23వ సెక్షనులో స్పష్టముగా ఉన్నది. అడిగి పుచ్చుకొని, భూమి దస్తావేజులు దాచుచోటనే దానిని దాచవలెను.