పాలిమరు పేటెంట్లలో అణుభారము: అపోహలు – వాస్తవములు

పాఠ్యపుస్తకముల కెక్కిన శాస్త్రపదమునకు అర్థము స్థిరముగా నుండుననియు, అట్టి పదముపై న్యాయస్థానమున తగవు పుట్టుటకు తావే లేదనియు చదువుకొన్నవారిలో ఒక గట్టి నమ్మకము గలదు. హైదరాబాదు కంపెనీ యగు నాట్కో ఫార్మా, సాండోజ్, మైలాన్ మొదలగు వానితోబాటు ప్రతివాదిగా నిలిచిన అమెరికా వ్యాజ్యమొకటి ఆ నమ్మకమును కదలించినది. వాది టెవా సంస్థ; వివాదవస్తువు మల్టిపుల్ స్క్లెరోసిస్ వ్యాధికి వాడు కోపాక్సోన్ మందు పేటెంటు; తుదకు తగవంతయు నిలిచినది ‘అణుభారము’ అను ఒక్క మాట మీద.

అపోహ: అణుభార మనిన ఒకే సంఖ్య.

వాస్తవము: నీటి వంటి చిన్న అణువునకు అది సత్యమే, 18 అనిన కాదనువాడు లేడు. కాని కోపాక్సోన్‌లోని గ్లాటిరమర్ నాలుగు అమైనో ఆమ్లములతో కూర్చిన పాలిమరు. అందలి గొలుసులు కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి యగుటచే చెప్పదగినది సగటు మాత్రమే, ఆ సగటులును పలువిధములు. 4 కిలోడాల్టన్ల గొలుసులు మూడును, 20 కిలోడాల్టన్ల గొలుసు ఒకటియు ఉన్నవనుకొనుడు: సంఖ్యా సగటు 8, భార సగటు 14. క్రొమాటోగ్రఫీ రేఖయొక్క శిఖరమునుబట్టి తీయు విలువ మూడవది. పేటెంటులో సుమారు 5 నుండి 9 కిలోడాల్టన్లని వ్రాసిరి గాని, ఏ లెక్కనో వ్రాయరైరి. ఒకే నమూనా ఒక లెక్కన హక్కు పరిధికి లోపలను, మఱియొక లెక్కన వెలుపలను పడును గదా! ఇది వ్రాయసకాని చిన్న ఏమరుపాటని కొందఱనవచ్చును. నాకట్లు తోపదు, ఏలయన సంబంధిత పేటెంట్ల దరఖాస్తులలో ఒకదానియందు పరిశీలకునకు భార సగటని చెప్పి, వేఱొకదానియందు శిఖరవిలువ యని చెప్పియుండిరి.

అపోహ: నిపుణుని సాక్ష్యముతో పదమున కర్థము తేలిపోవును.

వాస్తవము: జిల్లా కోర్టు టెవా నిపుణుని మాట నమ్మి శిఖరవిలువయే యనెను, అప్పీలు కోర్టు 2013లో పదము అస్పష్టమని దానిని త్రోసిపుచ్చెను. 2015 జనవరిలో సుప్రీంకోర్టు, జస్టిస్ బ్రేయర్ వ్రాసిన తీర్పున, క్రింది కోర్టు సాక్ష్యము విని తేల్చిన విషయాంశములను స్పష్టమైన దోషమున్ననే తప్ప పైకోర్టు మార్చరాదని చెప్పి వ్యాజ్యమును మరల పంపెను. పైకి ఇది టెవా విజయమే. అయినను అప్పీలు కోర్టు ఆ నియమమునకు లోబడియే జూన్‌లో పదము అస్పష్టమని మరల తీర్మానించెను: నిపుణుడు దేనిని ఎట్లు గ్రహించునన్నది విషయాంశము, హక్కు హద్దు తేటగా నున్నదా లేదా యన్నది న్యాయాంశము.

అపోహ: ఇది అమెరికావారి గొడవ.

వాస్తవము: మన 1970 నాటి పేటెంట్ల చట్టమందలి 64వ సెక్షను ప్రకారము, హక్కు పరిధిని తగినంత స్పష్టముగా నిర్వచింపకుండుట పేటెంటు రద్దునకు చాలిన కారణము. ఉల్లంఘన దావాలో ప్రతివాది ఎదురు రద్దు కోరినచో, 104వ సెక్షనునుబట్టి ఆ దావా హైకోర్టుకు పోవలెను. తెలంగాణలో నైనచో, పాతబస్తీలో మూసీ యొడ్డున 1920 నుండి నిలిచియున్న హైకోర్టునకే.