మధుమేహరోగుల యెముకలు

గడచిన సంక్రాంతికి ముందు మా తల్లిగారు పశువులకొట్టమునుండి వచ్చుచు గడపయొద్ద కాలుజారి కూలబడిరి. ఎత్తునుండి పడినది లేదు, నిలుచున్నచోటనే పడిరి. అయినను తుంటియెముక విరిగినది. ఆమెకు 14 సంవత్సరములుగా మధుమేహము కలదు. అంతకు నాలుగు నెలల ముందే యంత్రముతో నెముకల సాంద్రతను కొలిపించి, ఫలితము బాగున్నదని సంతసించియుంటిమి. మఱి యేల విరిగెను? ఈ ప్రశ్న మమ్ము వైద్యులయొద్దకును గ్రంథములయొద్దకును త్రిప్పినది. తెలిసికొన్నంత సభ్యులకు విన్నవించుచున్నాము.

నడివయస్సున సామాన్యముగా వచ్చు రెండవరకపు మధుమేహమున నెముకల సాంద్రత తఱచుగా తగ్గదు. పలువురిలో నొకింత హెచ్చుగనే యుండును. అయినను తుంటి విరుగుట యితరులకంటె వీరిలో నెక్కువ. యంత్రము చూపు కొలత యొక్కటియే యైన నిరువురు వృద్ధులలో మధుమేహము కలవారికే యపాయ మధికమని 2011లో అమెరికాలో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. లోన చెదపట్టిన దూలమును పైనుండి కొలిచినచో లావు తగ్గియుండదు గదా!

ఎముక ఱాయివలె మార్పులేనిది కాదు. పొలముగట్టునకు ఏటేట పాతమట్టి చెక్కి క్రొత్తమట్టి వేయునట్లు, శరీర మెముకను తవ్వుచు పూడ్చుచు నుండును. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుకనుండు చిన్న గ్రంథులు నాలుగు. వానినుండి వచ్చు పారాథైరాయిడ్ హార్మోను ఈ పనికి మేస్త్రీవంటిది. ఎముకను కట్టు కణములు ఆస్టియోకాల్సిన్ అను పదార్థమును నెత్తుటిలోనికి విడుచును. పని జరుగుచున్నదనుట కది గుర్తు. మధుమేహమున నీ రెండును తగ్గుట కద్దు. జపానులోని షిమానే విశ్వవిద్యాలయపు వైద్యులు ముట్లుడిగిన మధుమేహస్త్రీలను పరీక్షించి, హార్మోనును ఎముకకట్టడమును తగ్గియున్నవారిలో వెన్నుపూసలు విరిగియుండుట యెక్కువయని 2012లో ప్రకటించిరి. కట్టుటను అడ్డగించు స్క్లెరోస్టిన్ మధుమేహమున హెచ్చుగా నుండును. ఇదిగాక నెత్తుటిలోని చక్కెర యెముకలోని కొల్లాజన్ నారలకంటి వానిని పెళుసుబఱచును. గట్టు లావుగనే యున్నది, మరమ్మతు లేదు.

ఇది చదివి పట్టణమునకు పరుగెత్తి యీ పరీక్షలన్నిటికి డబ్బు పోయవలదు. పెక్కుమందిని చేర్చి చూచినపుడు కనబడు సంబంధము ఒక్కరి యెముక విరుగునో లేదో చెప్పజాలదు. మూత్రపిండములు చెడినవారిలో నీ హార్మోను పెరుగును గనుక, అంకె యొక్కటియే చూచినచో మోసపోవుదుము. మట్టిపరీక్షను ఊరూర చాటువారము మేమే. అయినను పిడికెడు మట్టిని చూపి పంట యెన్ని బస్తాలనిన చెప్పలేము.

వైద్యునితో చెప్పవలసినవి వేఱు. స్వల్పపుపాటున మున్నెముక విరిగినదా? ఎత్తు తగ్గినదా? వెన్ను నొచ్చుచున్నదా? పాదములు తిమ్మిరెక్కి, చూపు మందగించి, తెల్లవారుజామున చక్కెర పడిపోయి తూలుచున్నారా? పయోగ్లిటజోన్ అను మందు స్త్రీలలో నెముక విరుగు నపాయమును పెంచును. వాడుచున్నవారు తామై మానక వైద్యుని నడుగవలెను.

మా గడపప్రక్కను పట్టుకొనుటకు వెదురుబొంగు కట్టితిమి, కొట్టమునకు దీపము పెట్టితిమి. పాలుపితుకుట యిప్పుడు కోడలి పని. మా తల్లిగారి కది యిష్టము లేదు. ఆ గేదె మఱొకరికి చేపదని యామె వాదము.