కొద్దిసేపే ఉండే బిడ్డకు కూడా సేవ ఉంది
స్కానింగులో కఠినమైన మాట విన్న తల్లిదండ్రుల కోసం



గర్భవతుల ఆహారం, రక్తహీనత, టీకాల గురించి ఈ పేజీల్లో చాలాసార్లు చదువుకున్నాం. ఈసారి రాస్తున్నది ఎవరూ వినాలని కోరుకోని విషయం. అయినా కొన్ని కుటుంబాలకు ఇది తప్పకుండా అవసరమవుతుంది. అవసరం వచ్చిన రోజున కూర్చుని చదివే స్థిమితం ఉండదు గనుక ముందే తెలిసి ఉండడం మంచిది.

కడుపులోని బిడ్డకు నయం కాని, ప్రాణం నిలవని లోపం ఉందని తెలిసినప్పుడు చాలామంది వినే మాట "ఇక చేసేదేమీ లేదు" అన్నది. బిడ్డను బ్రతికించలేకపోవచ్చు. కాని బిడ్డకు, తల్లికి, తండ్రికి చేయవలసింది చాలా ఉంది. దానినే కాన్పు సమయపు ఉపశమన సేవ, అంటే పెరినేటల్ పాలియేటివ్ కేర్ అంటారు.

స్కానింగులో ఏమి తెలుస్తుంది?

18 నుంచి 20 వారాల మధ్య చేసే టిఫా స్కానింగులో బిడ్డ తల, వెన్నెముక, గుండె, మూత్రపిండాలు, కాళ్లు చేతులు చూస్తారు. ఎక్కువమందికి అంతా బాగుందనే వస్తుంది. గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె లోపాలలో చాలావాటికి ఈ రోజు మంచి వైద్యం ఉంది. వాటిని చూసి భయపడి తొందర నిర్ణయాలు తీసుకోకండి.

కొన్ని లోపాలు అలాంటివి కావు. తల పైభాగం, మెదడులో ఎక్కువ భాగం ఏర్పడకపోవడాన్ని అనెన్‌సెఫలీ అంటారు. ఈ బిడ్డలు పుట్టిన తరువాత సాధారణంగా కొన్ని గంటలు, మహా అయితే కొద్ది రోజులు ఉంటారు. రెండు మూత్రపిండాలూ లేకపోతే ఉమ్మనీరు తయారు కాదు, దానితో ఊపిరితిత్తులు ఎదగవు. ట్రైసోమీ 13, ట్రైసోమీ 18 అనే క్రోమోజోముల లోపాలలో ఎక్కువమంది బిడ్డలు మొదటి సంవత్సరం దాటరు. నూటికి 5 నుంచి 10 మంది దాటుతారు. అందువల్లనే డాక్టర్లు ఇన్ని రోజులని ఖచ్చితంగా చెప్పలేరు.

ఒక్క రిపోర్టుతో ఆగకండి. కాకినాడలో గాని, విశాఖపట్నం, హైదరాబాదులలో గాని గర్భస్థ శిశు వైద్య నిపుణుల చేత మరోసారి చూపించుకోండి. వంశపారంపర్య పరీక్షలు అవసరమైతే హైదరాబాదు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు పాత స్కానింగులన్నీ పట్టుకెళ్లండి. భార్యాభర్తలిద్దరూ కలిసే వెళ్లండి. "లోపం పేరు ఏమిటి? ఎంతవరకు ఖాయం? వైద్యం ఉందా? తల్లి ప్రాణానికి ఇబ్బంది ఉందా?" అని అడిగి, జవాబులు కాగితం మీద రాసుకోండి. ఆడా మగా అని మాత్రం అడగకండి. అది చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

మీ ముందున్న దారులు

మొదటిది, బ్రతికే అవకాశం కొంచెమైనా ఉంటే నవజాత శిశు ఐ.సి.యు. ఉన్న పెద్ద ఆసుపత్రిలో కాన్పు ఏర్పాటు చేసుకుని వైద్యం ప్రయత్నించడం. వైద్యం ఎంతవరకు కొనసాగించాలో బిడ్డ పరిస్థితిని బట్టి డాక్టర్లతో మాట్లాడుకోవచ్చు.

రెండవది, గర్భం తీయించుకోవడం. 1971 నాటి చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల వరకు ఒక డాక్టరు, 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని కారణాలకు ఇద్దరు డాక్టర్లు అభిప్రాయం ఇవ్వాలి. బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని ప్రభుత్వ మెడికల్ బోర్డు నిర్ధారిస్తే 24 వారాల తరువాత కూడా చట్టం అనుమతిస్తుంది. 18 సంవత్సరాలు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. విశ్వాసులలో ఈ విషయం మీద మనస్సాక్షి ప్రశ్నలు ఉన్నాయని నాకు తెలుసు. అయినా చట్టం ఏమి చెబుతుందో దాచడం నర్సు పని కాదు. బలవంతం చేయడం అత్తగారి పనీ కాదు, పుట్టింటివారి పనీ కాదు.

మూడవది, గర్భం కొనసాగించి, పుట్టిన బిడ్డకు బాధ లేకుండా, ఉన్నంతసేపు తల్లిదండ్రుల చేతుల్లో ఉంచుకోవడం. ఈ వ్యాసం ముఖ్యంగా దీని గురించే. ఈ దారి ఉందని తెలియక చాలామంది దీన్ని ఎంచుకోలేకపోతున్నారు. ఏ దారి ఎంచుకున్నా తల్లికి అదే ఆదరణ, అదే సేవ అందాలి.

ఈ సేవ ఎక్కడి నుంచి వచ్చింది?

నర్సుగా పనిచేసి తరువాత డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్ హాస్పిస్ తెరిచారు. పిల్లల కోసం 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో హెలెన్ హౌస్ మొదలైంది. దాన్ని స్థాపించిన సిస్టర్ ఫ్రాన్సెస్ డొమినికా కూడా నర్సే. కడుపులోని బిడ్డల తల్లిదండ్రులకు కూడా ఇది కావాలని 1990లలో అమెరికా డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ ఉపశమన సేవను అన్ని వయసులవారికీ అందించాలని తీర్మానించింది. మన తెలుగువారికి హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ గారి బృందం పిల్లల ఉపశమన సేవకు దారి వేసింది. లేబర్ రూములో ఈ సేవకు పెద్ద యంత్రాలు అక్కరలేదు. తీరిక, తర్ఫీదు, దయ కావాలి.

కాన్పుకు ముందే రాసుకునే కాగితం

ఏడవ నెల నాటికి డాక్టరుతో, నర్సుతో కూర్చుని ఈ విషయాలు రాసిపెట్టుకోండి.

• కాన్పు ఎక్కడ? లంక గ్రామాలవారు రాత్రిపూట పంటు ఉండదన్న సంగతి గుర్తుంచుకుని కొద్దిరోజులు ముందే ఆసుపత్రి దగ్గరికి రావాలి.
• తల్లికి అవసరమైతే తప్ప ఆపరేషన్ వద్దనుకుంటున్నారా?
• పుట్టగానే గొట్టం వేసి శ్వాస ఆడించాలా, లేక వెచ్చగా చుట్టి తల్లి చేతికి ఇవ్వాలా?
• లోపలికి ఎవరు రావాలి? తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ?
• పేరు ఏమి పెడతారు? బాప్తిస్మమో, ప్రతిష్ఠ ప్రార్థనో, మీ సంఘ పద్ధతి ఏమిటి? హిందూ, ముస్లిం కుటుంబాలు తమ పద్ధతి చెప్పవచ్చు.
• ఫొటో, పాదముద్ర కావాలా?
• బిడ్డ అనుకున్నదానికంటే ఎక్కువ రోజులుంటే ఇంటికి ఎలా తీసుకెళ్లాలి?

రాసినది ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కాగితాన్ని తల్లీ బిడ్డల కార్డులోనే పెట్టండి. నొప్పులు వచ్చిన రాత్రి డ్యూటీలో ఎవరున్నా చదివి తెలుసుకుంటారు.

బిడ్డకు ఏమి చేస్తాం?

తుడిచి, వెచ్చని గుడ్డలో చుట్టి, తల్లి గుండెల మీద పడుకోబెడతాం. నోరు తడి ఆరకుండా చూస్తాం. మింగగలిగితే తల్లిపాలు చుక్కలుగా వేస్తాం. బాధ ఉన్నట్టు కనిపిస్తే డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పి మందు ఇస్తాం. అవసరం లేని సూదులు, రక్తపరీక్షలు మానేస్తాం.

చివరి గడియల్లో బిడ్డ రంగు మారుతుంది, కాళ్లు చేతులు చల్లబడతాయి, శ్వాస ఆగి ఆగి వస్తుంది. ఎగశ్వాస చూసి తల్లిదండ్రులు కంగారుపడతారు. అప్పటికి బిడ్డకు స్పృహ ఉండదు. ఇది ముందే తెలిస్తే భయం కొంత తగ్గుతుంది.

తల్లికి చెప్పకుండా దాచవచ్చా?

మన ప్రాంతంలో పెద్దలు ఎక్కువగా అడిగేది ఇదే. బిడ్డను తల్లికి చూపించకుండా తీసుకువెళ్లి పూడ్చిపెట్టడం చాలా ఇళ్లలో జరిగింది. ప్రేమతోనే చేశారు. కాని ఆ తల్లులు "నా బిడ్డ ఎలా ఉంది?" అని ఏళ్ల తరువాత కూడా అడగడం నేను విన్నాను.

మా లేబర్ వార్డులో చూసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి. ఎనిమిదో నెలలో గాని లోపం తెలియలేదు. "మా పిల్లకు చెప్పకండి సిస్టరమ్మగారూ, తట్టుకోలేదు" అని వాళ్లమ్మ చేతులు పట్టుకుంది. "అమ్మా, మీ పిల్ల నన్ను అడిగితే నేను అబద్ధం చెప్పలేను. మీరే పక్కన కూర్చోండి, కలిసి చెబుదాం" అన్నాను. తీరా చెబితే, స్కానింగు రోజున డాక్టరమ్మగారి మొహం చూసినప్పుడే తెలిసిందంది ఆ అమ్మాయి. "పాపకి నొప్పి ఉంటుందా?" అని ఒక్కటే అడిగింది.

పాప పుట్టాక తలకు ఊలు టోపీ పెట్టి ఇచ్చాం. సుమారు మూడు గంటలు ఉంది. తండ్రి ఎత్తుకున్నాడు. అమ్మమ్మ కాలివేళ్లు ముట్టుకుని, అచ్చం వాళ్ల తాతవే అంది. అందరూ ఏడ్చారు. కాని ఒకరికొకరు అబద్ధం చెప్పుకోవలసిన పని లేకపోయింది.

చూడడం ఇష్టం లేని తల్లిని బలవంతపెట్టకూడదు. కొందరు మొదట వద్దని, గంట తరువాత అడుగుతారు. అందుకే తొందరపడి తీసుకువెళ్లకండి.

ఇంటికి వెళ్లిన తరువాత

బిడ్డ లేకపోయినా మూడవ రోజుకు తల్లికి పాలు పడతాయి. ఇది ఎవరూ ముందుగా చెప్పరు. బిగుతైన లోపలి రవికె వేసుకోండి, చల్లని గుడ్డ వేయండి, నొప్పికి మాత్ర వాడండి, పాలు పూర్తిగా పిండకండి. రొమ్ములకు మల్లెపూలు కట్టే పాత పద్ధతి ఉత్త నమ్మకం కాదు. వెల్లూరు సి.ఎం.సి. డాక్టర్లు దాన్ని బ్రోమోక్రిప్టిన్ మాత్రతో పోల్చి చూసి, మల్లెపూలు కూడా పాలను తగ్గిస్తాయని 1988లో ప్రచురించారు. జ్వరం వచ్చినా, రొమ్ము ఎర్రబడి గట్టిపడినా ఆసుపత్రికి రండి.

ప్రాణంతో పుట్టి కొద్ది నిమిషాలే ఉన్నా, ఆ బిడ్డ జననం, మరణం రెండూ నమోదు కావాలి. గడువు 21 రోజులు. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు ఇలాంటి సందర్భంలో 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు 2022 నుంచి ఉంది.

నిద్ర లేకపోవడం, అన్నం మానేయడం, బ్రతకాలని లేదనడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తండ్రిని కూడా గమనించండి. ఆయన దుఃఖం ఎవరూ అడగరు.

తప్పు ఎవరిది?

గ్రహణం రోజున బయటికి వచ్చిందని, ఎవరిదో పాపమని కోడలిని నిందించకండి. పుట్టుగుడ్డివాని గురించి శిష్యులు ఇదే ప్రశ్న అడిగినప్పుడు, ప్రభువు ఆ నేరాన్ని అతని మీద గాని తల్లిదండ్రుల మీద గాని మోపలేదని యోహాను సువార్త 9వ అధ్యాయంలో చదువుతాం.

మరొక కాన్పుకు ముందు మాత్రం డాక్టరును కలవండి. గర్భం రాకముందు కనీసం ఒక నెల నుంచి మూడవ నెల వరకు ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు తీసుకోవాలి. ముందు బిడ్డకు మెదడు, వెన్నెముక లోపం ఉంటే డాక్టరు ఎక్కువ మోతాదు రాస్తారు. దానివల్ల ఆ లోపం మళ్లీ రావడం దాదాపు 70 శాతం తగ్గుతుందని 1991లో వెలువడిన పరిశోధన చూపింది. మేనరికం చేసుకున్నవారు జెనెటిక్ సలహా తీసుకోవాలి. కొన్ని జబ్బులు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు వచ్చే అవకాశం ఉంటుంది.

సంఘస్థులకు ఒక మాట

ఆ ఇంటికి వెళ్లినప్పుడు "ఇంకా చిన్నవాళ్లే, మళ్లీ పుడతారులే" అనకండి. పేరు పెట్టి ఉంటే ఆ పేరుతోనే బిడ్డను తలచుకోండి. పసిబిడ్డే గదా అని భూస్థాపనకు ముగ్గురు మగవాళ్లను పంపి ఊరుకోకండి. తల్లి రావాలనుకుంటే రానివ్వండి. కేరేజీలో అన్నం పట్టుకెళ్లండి, కాసేపు పక్కన కూర్చోండి. నలభై రోజులు దాటాక, అందరూ రావడం మానేసినప్పుడు, స్త్రీల సమాజం వారు మరొకసారి వెళ్లండి.

స్కానింగు రిపోర్టు చేతిలో పట్టుకుని ఏమి చేయాలో తోచని దంపతులెవరైనా మీకు తెలిసి ఉంటే ఈ కాగితం వారికివ్వండి. ఏ మతంవారైనా, కాన్పు ఎక్కడ చేయించుకోదలచినా, గర్భవతుల వార్డులో మా నర్సులను అడగవచ్చు. కూర్చోబెట్టి మాట్లాడతాం.

నర్సింగ్ సూపరింటెండెంట్