స్వీయనిర్మిత తేలికపాటి విమానాలు - నిర్వహణ సౌలభ్యం

స్వీయనిర్మిత విమానం అనగా కర్మాగారంలో కాక, ఒక వ్యక్తి తన సొంత ఉపయోగం కొరకు ఇంటివద్దనో, చిన్న షెడ్డులోనో నిర్మించుకొనే తేలికపాటి విమానం. వీటిలో ఎక్కువ భాగం ఒకరు లేక ఇద్దరు కూర్చొనేవి. కొందరు నక్షాలను కొని అన్ని భాగాలనూ తామే తయారు చేసుకుంటారు. మరికొందరు విడిభాగాల కిట్టును కొని బిగించుకుంటారు. నిర్మాణం కొన్ని సంవత్సరాలలో ముగుస్తుంది కాని, తనిఖీ, మరమ్మతు మాత్రం విమానం ఎగిరినంత కాలం ఉంటాయి. చేతికి అందని భాగాన్ని ఎవరూ తరచుగా తనిఖీ చేయరు. అందువలన నిర్వహణ సౌలభ్యాన్ని నక్షా గీసే దశలోనే ఆలోచించవలసి ఉంటుంది.

నేపథ్యం

అమెరికాకు చెందిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1929లో ఎయిర్ క్యాంపర్ అనే కొయ్య విమానానికి ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజనును అమర్చాడు. ఆ ఇంజను విడిభాగాలు, దానిని బాగుచేయగల మెకానిక్కులు ఆ దేశంలో ఊరూరా ఉండేవారు. సులభంగా దొరికే భాగాలను ఎన్నుకొనుట నిర్వహణ సౌలభ్యానికి మొదటి మెట్టు అని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

1953లో పాల్ పోబెరెజ్నీ అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించిన తరువాత ఈ అభిరుచి విస్తరించింది. ఆ దేశపు నిబంధనల ప్రకారం విమానంలో సగానికి మించిన పనిని అభిరుచి కొద్దీ చేసినవారే పూర్తి చేయాలి. ప్రతి 12 నెలలకు ఒకసారి విమానాన్ని పూర్తిగా తనిఖీ చేయాలి. నిర్మించిన వ్యక్తి తగిన ధ్రువపత్రం పొందితే, తన విమానానికి ఆ తనిఖీని తానే చేయవచ్చును.

రూపకల్పన సూత్రాలు

తనిఖీ ద్వారాలు: రెక్కలలోను, తోక భాగంలోను కేబుళ్ళు, పుల్లీలు, కీళ్ళు మూతల వెనుక దాగి ఉంటాయి. ప్రతి కీలు వద్ద చేయి, టార్చిలైటు పట్టేంత ద్వారం ఉండాలి. బోల్టు కనిపించినంత మాత్రాన చాలదు, దానిపై పానా తిరుగుటకు కూడా చోటు ఉండాలి. ఒకరే పని చేసుకొనే షెడ్డులో బోల్టు తలను ఒకవైపు, నట్టును మరొకవైపు పట్టుకొనుట కష్టం. కనుక నట్టును లోపలి రేకుకే స్థిరంగా బిగించే నట్‌ప్లేట్లను వాడతారు.

ఇంజను మూత: మూతను తీయుటకు గంట సమయం పడితే, ఎగిరే ముందు లోపల చూచే అలవాటు తగ్గిపోతుంది. పావు చుట్టు తిప్పితే ఊడివచ్చే బిగింపులు వాడితే ఈ పని కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. ఆయిలు ఫిల్టరు గల లైకమింగ్ ఇంజనులలో ప్రతి 50 గంటలకు ఆయిలు మార్చవలసి ఉంటుంది. ఫిల్టరును తీసినప్పుడు కారే ఆయిలు తీగల మీద పడకుండా దాని స్థానాన్ని నిర్ణయించాలి.

ఇంధన వ్యవస్థ: నీరు పెట్రోలు కన్న బరువైనది కనుక ట్యాంకు అడుగుకు చేరుతుంది. విమానం నేలపై నిలిచి ఉన్నప్పుడు ఏది అత్యంత పల్లపు స్థానమో అక్కడ నీటిని తీసివేసే కవాటం ఉండాలి.

నిర్మాణ పదార్థాలు: అల్యూమినియంలో తుప్పు, పగుళ్ళు కంటికి కనిపిస్తాయి. గాజుపీచు, ఎపాక్సీ జిగురుతో చేసిన భాగాలు తుప్పు పట్టవు కాని, లోపలి పొరలు విడిపోతే పైకి తెలియకపోవచ్చును. నాణెంతో మెల్లగా తట్టి, శబ్దంలో తేడాను బట్టి ఇటువంటి లోపాన్ని గుర్తించే పద్ధతి ఉన్నది.

1997 ప్రమాదం

బర్ట్ రూటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ ప్రసిద్ధమైన స్వీయనిర్మిత విమానం. దీని నక్షాలో ఒక ట్యాంకు నుండి మరొక ట్యాంకుకు ఇంధనాన్ని మార్చే పిడి పైలట్ ఎదుట ఉంటుంది. ఒక విమానంలో మాత్రం నిర్మాత దానిని పైలట్ ఎడమ భుజం వెనుక అమర్చాడు. ప్రసిద్ధ గాయకుడు జాన్ డెన్వర్ తరువాత ఆ విమానాన్ని కొన్నాడు. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరీ వద్ద అది సముద్రంలో కూలి, ఆయన మరణించాడు. పిడి బిగుసుగా ఉన్నదని, అందుట కష్టమని ఎగిరే ముందే గుర్తించారు. పట్టకారు తగిలించి చూచినా ప్రయోజనం లేకపోయింది. పిడిని అందుకొనే ప్రయత్నంలో విమానం అదుపు తప్పినదని దర్యాప్తు సంస్థ భావించింది. పిడికి గుర్తులు లేకపోవుట, చేతికి అందని చోట ఉండుట, బయలుదేరే ముందు చాలినంత ఇంధనం నింపకపోవుట కూడా కారణాలలో చేర్చబడ్డాయి.

భారతదేశంలో

బెంగుళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ (ఎన్.ఏ.ఎల్.) లాంగ్-ఈజీ నక్షా ఆధారంగా నిర్మించిన పరిశోధక విమానం 1987లో ఎగిరింది. ఈ మిశ్రమ పదార్థాల అనుభవంతో రూపొందిన రెండు సీట్ల శిక్షణ విమానం హంస 1993లో తొలిసారి ఎగిరింది. హంస-3 నమూనాకు 2000లో ధ్రువీకరణ లభించింది. తెలుగువారు అధికంగా నివసించే హోసూరు వద్ద తనేజా ఏరోస్పేస్ సంస్థ ఈ విమానాలను తయారు చేసింది. తరువాతి నమూనా హంస-ఎన్.జి. 2021లో ఎగిరింది. భారతదేశంలో ఏ విమానమైనా ఎగురుటకు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) అనుమతి తప్పనిసరి.

ఉత్తర తెలంగాణ వాతావరణంలో

వేములవాడ, కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటుట కలదు. గది ఉష్ణోగ్రతలో గట్టిపడే ఎపాక్సీ జిగురు అధిక వేడికి మెత్తబడుతుంది. అందువలన లాంగ్-ఈజీ వంటి విమానాలకు తెల్ల రంగే వేస్తారు. ముదురు రంగు వేస్తే ఎండలో నిలిపిన రెక్క గాలి కన్న ఎంతో ఎక్కువ వేడెక్కుతుంది. వేసవి దుమ్ము వలన గాలి ఫిల్టరును తరచుగా శుభ్రపరచాలి, కనుక అది ఇతర భాగాలను విప్పకుండానే బయటకు వచ్చేటట్లు ఉండాలి. వానాకాలంలో నీరు నిలువకుండా రెక్క అడుగున, తోక అడుగున రంధ్రాలు అవసరం. కొయ్య విమానాలకు ఇది మరీ ముఖ్యం. మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు వేగాన్ని కొలిచే పిటో గొట్టాన్ని మూసివేస్తే వేగమాపకం తప్పు చూపుతుంది. ఆ గొట్టానికి తొడుగు వేసి, ఎగిరే ముందు తీయుట మరువకుండా దానికి ఎర్ర గుడ్డ కడతారు.