వెర్మాంటు శాసనసభ తీర్మానము

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజధానియైన వాషింగ్టను నగరము ఏ రాష్ట్రమునకును చెందినది కాదు. మేరీలాండు, వర్జీనియా రాష్ట్రములు ఒసగిన భూమిలో, పొటోమాకు నదీతీరమున ఆ నగరమునకు స్థలమేర్పడినది. ఆ ప్రాంతమునకు కొలంబియా జిల్లా యని పేరు. 1800వ సంవత్సరమున ప్రభుత్వమచ్చటికి తరలివచ్చెను. అచ్చట చట్టములు చేయు అధికారమును రాజ్యాంగము కేంద్ర శాసనసభయైన కాంగ్రెసునకే యిచ్చినది.

ఆ కాలమున బానిసత్వముండవలెనా, వలదా యనునది ఆయా రాష్ట్రములే నిర్ణయించుకొనుచుండెను. ఉత్తర రాష్ట్రములు దానిని క్రమముగా తొలగించుకొన్నవి. ప్రత్తి, పొగాకు పండించు దక్షిణ రాష్ట్రములు దానినే నమ్ముకొని యుండెను. రాజధానికి భూమినిచ్చిన రెండు రాష్ట్రములలోను బానిసలుండిరి. కావున భూమితోపాటు వాని పాత చట్టములును రాజధానికి సంక్రమించెను. స్వాతంత్ర్యమును గూర్చి ఉపన్యాసములు సాగుచున్న శాసనసభా భవనమునకు కనుచూపు మేరలోనే, పశువులనువలె మనుష్యులను బంధించి యుంచు దొడ్లుండెను. 1841లో న్యూయార్కు రాష్ట్రమునకు చెందిన సాలమన్ నార్తప్ అను స్వతంత్రుడైన నల్లజాతి పౌరుని మాయమాటలతో ఆ నగరమునకు కొనివచ్చి, అట్టి దొడ్డిలో బంధించి, బానిసగా అమ్మివేసిరి. 1853వ సంవత్సరమువరకు అతనికి విముక్తి కలుగలేదు.

వెర్మాంటు కెనడా సరిహద్దుననున్న చిన్న కొండ రాష్ట్రము. అచ్చటి ప్రజలు 1777లోనే, తమ తొలి రాజ్యాంగమున, వయోజనులను బానిసలుగా నుంచుకొనుటను నిషేధించిరి. అట్టివారికి దూరముననున్న రాజధానితో పనియేమి? రాజధాని దేశమంతటిది, అందలి చట్టములు చేయు కాంగ్రెసులో వారి ప్రతినిధులును కూర్చుండిరి. కనుక ఆ పాపమున వారికిని పాలు కలదు.

అప్పటికే వేలకొలది ప్రజలు బానిసత్వమును తొలగింపుడని విజ్ఞాపనలు పంపుచుండిరి. వారిలో స్త్రీలనేకులు. వారికి వోటు లేదు. సంతకమే వారి ఆయుధము. 1836లో ప్రతినిధుల సభ, అట్టి విజ్ఞాపనలను అచ్చువేయక, చర్చింపక, ప్రక్కన పెట్టవలెనని నియమము చేసెను. మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్సు ఆ నియమముతో ఎనిమిదేండ్లు పోరాడి, 1844లో దానిని తొలగింపజేసెను.

1837లో వెర్మాంటు శాసనసభ, కొలంబియా జిల్లాలో బానిసత్వమును, బానిస వర్తకమును రద్దుచేయు అధికారము కాంగ్రెసునకు కలదని తీర్మానించెను. ఈ తీర్మానమునకు చట్టబలము లేదు. అయినను ఒక రాష్ట్రము పలికిన మాటను సామాన్యుల విజ్ఞాపనవలె త్రోసివేయుట సులభము కాదు. ఆ యేడు డిసెంబరులో సెనేటరు స్విఫ్టు దానిని సెనేటు ముందుంచగా, దక్షిణ కెరొలినా నాయకుడు కాల్హూను మండిపడెను. రాష్ట్రముల హక్కులకు పెట్టని కోటయైన ఆయనకు, ఒక రాష్ట్రము నోరు తెరచుటయే సహింపరానిదాయెను! రాజధానిలోని బానిసత్వము జోలికి పోవుట దక్షిణ రాష్ట్రములపై దాడియేయని వాదించుచు, ఆయన ఆరు తీర్మానములను ప్రతిపాదించెను. వానిలో పెక్కింటిని సెనేటు మార్పులతో ఆమోదించెను.

ఉత్తరాది సభలన్నియు వెర్మాంటువలె నుండలేదు. ఇల్లినాయి శాసనసభ ఆ యేడే బానిసత్వ నిర్మూలన సంఘములను నిరసించెను. దిగువ సభలో అనుకూలురు 77 మంది, ప్రతికూలురు ఆరుగురే. ఆ ఆరుగురిలో ఇరువదియేడేండ్ల అబ్రహాం లింకను ఒకడు. బానిసత్వము అన్యాయమనియు, రాజధానిలో దానిని తొలగించు అధికారము కాంగ్రెసునకు కలదనియు అతడు డాన్ స్టోనుతో కలిసి వ్రాసియిచ్చెను. అయితే ఆ జిల్లా ప్రజలు కోరిననే తప్ప ఆ అధికారమును వాడరాదని కూడ చేర్చెను. అప్పటికతని ధైర్యమంతవరకే.

1850లో, అమ్మకమునకై బానిసలను రాజధానికి కొనివచ్చుటను నిషేధించిరి. ఉన్న బానిసలు బానిసలుగనే యుండిరి. 1862 ఏప్రిలు 16న, అధ్యక్షుడైన లింకను సంతకముతో సుమారు మూడువేల మందికి అచ్చట విముక్తి కలిగెను. ఒక్కొక్కరికి 300 డాలర్లకు మించకుండ యజమానులకు పరిహారము చెల్లించిరి. ఏండ్లతరబడి కూలిలేక శ్రమించినవారికి పరిహారమేమియు లేదు. దేశము విడిచిపోవ నిష్టపడినవారికి మాత్రము 100 డాలర్లవరకు ఇత్తుమనిరి. ఆ జూను 19న, రాష్ట్రములుగా నేర్పడక కేంద్రపాలనలోనున్న ఇతర ప్రాంతములన్నిటను కాంగ్రెసు బానిసత్వమును నిషేధించెను.