తూటాలు నింపే బల్ల

అమెరికాలో వేటకూ గురి పోటీలకూ తుపాకి వాడేవారిలో కొందరు, పేల్చిన తూటాల ఖాళీ తొడుగులను ఏరి తెచ్చుకుని ఇంట్లోనే మళ్లీ నింపుకుంటారు. ఈ పనిని రీలోడింగ్ అంటారు. తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పోసే పొగలేని తుపాకి మందు, మూతిలో బిగించిన బుల్లెట్. తుపాకి పేలాక మిగిలేది తొడుగు ఒక్కటే. నాలుగింటిలో సాధారణంగా ఖరీదైనదీ అదే కాబట్టి మళ్లీ వాడుకుంటే ఖర్చు తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, తమ తుపాకికి సరిగ్గా నప్పే తూటాను తామే తయారుచేసుకోవచ్చు. తయారీ ఆగిపోయిన పాత రకాల తుపాకులున్నవారికైతే చాలాసార్లు ఇది తప్ప వేరే దారి ఉండదు.

ఈ అలవాటు కొత్తది కాదు. కనెక్టికట్‌లోని ఐడియల్ సంస్థ 1884 నుంచే పట్టకారులా చేతిలో ఇమిడే రీలోడింగ్ పనిముట్లు అమ్మింది. అప్పట్లో వాటికి బల్ల అవసరం లేదు. వేటగాడు గుడారంలో కూర్చుని కూడా పని కానిచ్చేవాడు. 1943లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ ఆర్‌సీబీఎస్ సంస్థను మొదలుపెట్టాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో పొడవాటి పిడి ఉన్న బరువైన ఇనుప ప్రెస్సులు ఇళ్లలోకి వచ్చాయి. ప్రెస్ రాగానే దాన్ని మోసే బల్ల కావలసివచ్చింది. చవకగా మొదలుపెట్టాలనుకునే వారికి 1958లో వచ్చిన లీ లోడర్ సుత్తి దెబ్బతో పనిచేసేది. అది ఇప్పటికీ దొరుకుతున్నా, క్రమం తప్పకుండా తూటాలు నింపేవారు బల్లకు బిగించిన ప్రెస్‌నే నమ్ముకుంటారు.

బల్ల కన్నా ముందు చోటు చూసుకోవాలి. అమెరికన్ ఇళ్లలో ఇందుకు గ్యారేజ్ గానీ నేలమాళిగ గానీ వాడతారు. గ్యారేజ్‌లో తరచుగా గ్యాస్‌తో నడిచే నీళ్ల హీటరు ఉంటుంది. దానిలో చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటే ఆ దగ్గర్లో మందు విప్పకూడదు. నేలమాళిగలో తేమ ఎక్కువ. పనిముట్లు తుప్పు పడతాయి, మందూ ప్రైమర్లూ పాడవుతాయి. తేమను పీల్చే యంత్రం పెట్టుకుంటే ఆ ఇబ్బంది తీరుతుంది. తివాచీ పరిచిన గది అసలే పనికిరాదు: ఒలికిన మందు పలుకులు, దొర్లిపడ్డ ప్రైమర్లు, సీసపు దుమ్ము అన్నీ దాని పోగుల్లో దాక్కుంటాయి. ఊడ్చి తుడవడానికి వీలైన నున్నటి నేల కావాలి. తాళం వేసుకునే తలుపు ఉండాలి. పిల్లలు తిరిగే దారి, టీవీ ఉన్న గది, నలుగురూ పలకరించే మూల ఈ పనికి తగవు. మందు పోస్తున్న మనిషిని ఎవరైనా మాటల్లో పెడితే ఏ తొడుగులో పోశాడో, దేన్ని వదిలేశాడో మరిచిపోతాడు. ఆ ఒక్క మరుపు ఎంత ప్రమాదమో తర్వాతి అంచెల్లో తెలుస్తుంది.

బల్ల కదలకూడదు. రైఫిల్ తొడుగును ప్రెస్‌లోని డై అనే అచ్చులోకి దూర్చి పూర్వపు కొలతకు తేవాలంటే పిడిని గట్టిగా కిందికి నొక్కాలి. అప్పుడు బల్ల ముందుకు ఒరగాలని చూస్తుంది. పిడి పైకెత్తి తొడుగును బయటికి లాగేటప్పుడు ముందు అంచు పైకి లేవాలని చూస్తుంది. ఈ ఊగిసలాటకు బరువొక్కటే మందు కాదు. బల్ల వెనక అంచును గోడ లోపలి చెక్క నిట్రాళ్లకు మరమేకులతో బిగించడం అన్నిటికన్నా మంచి ఉపాయం. అద్దె ఇంట్లో గోడకు తూట్లు పెట్టలేనివారు కింది అరలో బుల్లెట్ల పెట్టెలు పేర్చుతారు; సీసం బరువు అలా అక్కరకొస్తుంది. పైపలకకు ముప్పావు అంగుళం ప్లైవుడ్‌ను రెండు పొరలుగా జిగురుతో అతికిస్తే చాలు. దాని మీద నున్నటి, లేతరంగు పలక వేయాలి: ఒలికిన నల్లటి మందు పలుకు తెల్లటి పలక మీద దూరం నుంచే కనబడుతుంది.

ప్రెస్‌ను చెక్కలోకి దిగే మరమేకులతో బిగిస్తే కొన్నాళ్లకు వదులవుతుంది. పలక అవతలికి వెళ్లేలా తూట్లు వేసి, కింద వెడల్పాటి వాషర్లు గానీ ఇనుప పట్టీ గానీ పెట్టి, బోల్టు నట్టుతో బిగించాలి. ప్రెస్ స్థానం బల్ల కాలికి దగ్గరగా ఉండాలి. రెండు కాళ్ల నడుమ అయితే పలక వంగుతుంది. తూటు వేసే ముందు పిడిని పూర్తిగా పైకీ కిందికీ ఆడించి చూడాలి. అది మోకాలికి తగులుతుందా, గోడకు కొట్టుకుంటుందా, సొరుగు తెరవనిస్తుందా అన్నది అప్పుడే తేలుతుంది. నిలబడి పనిచేసేవారికి 36 నుంచి 42 అంగుళాల ఎత్తు సాధారణంగా కుదురుతుంది. కూర్చుని చేసేవారికి ఇంకా తక్కువ కావాలి. ఎత్తు ఎంతైనా, పనిచేసేవారి చూపు తొడుగు మూతిలోకి సూటిగా దిగాలి. బల్ల లోతు 2 అడుగులు దాటితే వెనక వరుసకు చేయి అందదు.

ప్రెస్సుల్లో మూడు రకాలున్నాయి. సింగిల్ స్టేజ్ ప్రెస్ ఒకసారికి ఒక డైతో ఒకే పని చేస్తుంది. టరెట్ ప్రెస్‌లో కొన్ని డైలు గుండ్రటి తలకు బిగించి ఉంటాయి, తల తిప్పుకోవాలి. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో పిడి ఒక్కసారి లాగితే వేర్వేరు తొడుగుల మీద వేర్వేరు పనులు ఒకేసారి జరిగి, ఒక తూటా పూర్తయి బయటపడుతుంది. కొత్తవారికి మొదటిదే మేలు. నిదానంగా సాగుతుంది కాబట్టి ప్రతి తొడుగూ ప్రతి అంచెలో చేతికీ కంటికీ అందుతుంది. ప్రోగ్రెసివ్ వేగానికి మురిసిపోయి దానితోనే మొదలుపెట్టినవాడు నాలుగైదు చోట్ల ఒకేసారి కన్ను వేయాల్సివస్తుంది.

అమరిక పని వరుసను అనుసరించాలి. ముందు పాత ప్రైమర్ తీసి తొడుగును కొలతకు తేవడం, పొడవు పెరిగి ఉంటే కత్తిరించడం, కొత్త ప్రైమర్ దింపడం, మందు పోయడం, బుల్లెట్ బిగించడం, చివరిగా తనిఖీ. కుడిచేత్తో పిడి లాగేవారికి తొడుగులూ బుల్లెట్లూ ఎడమవైపు ఉంటే చేతులు అడ్డుపడవు. తొడుగులు వరుసగా నిలబెట్టేందుకు గుంటలున్న చెక్క దిమ్మె ఒకటి కావాలి. చాలామంది మందు పోయని తొడుగులను అందులో తలకిందులుగా ఉంచి, పోసినదాన్నే నిలబెడతారు. ఎక్కడ ఆగినా ఎంతవరకు అయిందో దిమ్మె చూస్తే తెలిసిపోతుంది.

మందు కొలిచే చోటు బల్లకంతటికీ గుండెకాయ. అమెరికన్ల కొలత గ్రెయిన్: ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక్కోటి సుమారు 65 మిల్లీగ్రాములు. పిస్టల్ తూటాలో పట్టేది తరచుగా 10 గ్రెయిన్ల లోపే. ఇంత సున్నితమైన కొలతకు ప్రెస్ అదురు తగలకూడదు. అందుకే త్రాసును గోడకు విడిగా కొట్టిన అర మీద, కంటి ఎత్తులో, సమతలంగా పెట్టాలి. ఫ్యాను గాలి, ఏసీ గాలి సోకినా ముల్లు ఊగుతుంది. ఎలక్ట్రానిక్ త్రాసైతే పక్కన ఫోన్ లేకుండా చూడాలి. పని మొదలుపెట్టేముందు తెలిసిన బరువు పెట్టి సరిచూడాలి. ఎంత మందు పోయాలన్నది ప్రచురిత చేతిపుస్తకం చెప్పినదే. తయారీదారులు ఆ పట్టికలను పీడనం కొలిచి రాస్తారు, ఊహతో కాదు. ఆ పుస్తకం చేయి చాపితే అందేచోట ఉండాలి.

ఇక వెలుతురు. చాలా పిస్టల్ తొడుగుల్లో మందు సగం కూడా నిండదు. కాబట్టి పొరపాటున రెండుసార్లు పోసినా పొంగిపొర్లదు. తుపాకి పేల్చినప్పుడే తెలుస్తుంది, అప్పటికి తుపాకి బద్దలై ఉంటుంది. అసలు పోయకపోయినా ముప్పే: ప్రైమర్ నిప్పుతోనే బుల్లెట్ కాస్త కదిలి గొట్టంలో ఇరుక్కుంటుంది, వెనకాల వచ్చే తూటా ఆ గొట్టాన్ని చీల్చవచ్చు. ఈ రెంటినీ పట్టే సాధనం మనిషి కన్నే. బుల్లెట్ పెట్టే ముందు దిమ్మెలోని తొడుగులన్నిటిపై దీపం పట్టి, మందు మట్టం అన్నిట్లో ఒకేలా ఉందో లేదో చూడాలి. గది మధ్యలోని దీపం సరిపోదు; పనివాడి నీడే తొడుగుల మీద పడుతుంది. మెడ వంచుకునే టేబుల్ దీపమో, ప్రెస్‌కు అంటించే ఎల్ఈడీ పట్టీయో ఉండాలి.

బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలన్నది తలలు పండినవారంతా చెప్పే నియమం. వేర్వేరు మందులు చూడ్డానికి ఒకేలా ఉన్నా మండే వేగం చాలా తేడాగా ఉంటుంది. పని కాగానే కొలపాత్రలో మిగిలింది సొంత డబ్బాలోకి తిరిగి పోయాలి. అలా వదిలేస్తే మర్నాటికి అది ఏ మందో తెలియదు. కొన్ని మందులు ప్లాస్టిక్ పాత్రనూ తినేస్తాయి. పేరు తెలియని మందును పారేయడమే తప్ప వాడకూడదు.

నిల్వ బల్ల మీద కాదు, బల్లకు దూరంగా. నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ 495వ నియమావళి ప్రకారం ఇంట్లో సొంత వాడకానికి 20 పౌండ్ల వరకు పొగలేని మందును అసలు డబ్బాల్లో ఉంచుకోవచ్చు. 20 నుంచి 50 పౌండ్ల దాకా అయితే కనీసం అంగుళం మందం ఉన్న చెక్క పెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు 10,000కు మించరాదు. స్థానిక నిబంధనలు ఇంకా గట్టిగా ఉండొచ్చు. ఇనుప పెట్టె కాకుండా చెక్క పెట్టె ఎందుకంటే, పొగలేని మందు బయట వేగంగా మండిపోతుంది గానీ బిగుతైన చోట పీడనం పెంచి పేలుతుంది. చెక్క పెట్టె పీడనం పెరగకముందే విడిపోతుంది, మంట వేడినీ కాసేపు ఆపుతుంది. ప్రైమర్ల తీరు వేరు: ఒకటి పేలితే పక్కవీ పేలతాయి. వాటిని విడదీసి ఉంచే ప్యాకింగ్ నుంచి తీసి సీసాలో కుమ్మరించడం ఘోరమైన పొరపాటు.

సీసం కంటికి కనబడని శత్రువు. పేలిన ప్రైమర్ మసిలో అది ఉంటుంది. తొడుగులను మెరుగుపెట్టే డ్రమ్ములోని వాల్‌నట్ చిప్పల పొడి దాన్ని గాల్లోకి లేపుతుంది. కాబట్టి ఆ డ్రమ్ముకు చోటు బల్ల దగ్గర కాదు, ఆరుబయట. బల్ల దగ్గర తినకూడదు, తాగకూడదు, సిగరెట్ మాటే ఎత్తకూడదు. దుమ్మును పొడి చీపురుతో కాక తడిగుడ్డతో తుడవాలి. ఒలికిన మందును వ్యాక్యూమ్ క్లీనర్‌తో పీలిస్తే మోటారు నిప్పురవ్వకు అంటుకోవచ్చు. బ్రష్‌తో చేటలోకి ఎత్తాలి. కంటద్దాలు బల్ల మీదే వేలాడితే మరిచిపోరు. నింపిన ప్రతి పెట్టె మీదా తేదీ, మందు పేరు, బరువు, బుల్లెట్ రకం రాసిన చీటీ అంటించాలి.

అమెరికా ఫెడరల్ చట్టం సొంతానికి తూటాలు నింపుకునేవారిని లైసెన్స్ అడగదు. అమ్మకానికి చేస్తే లైసెన్స్ తప్పనిసరి. అయితే అక్కడున్న తెలుగువారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హెచ్‌-1బి, ఎఫ్‌-1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఆ నిషేధం లేదు. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయకూడదు. తుపాకి లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఆ అనుమతి రాదు.